చైను మిగిలింది, బిడ్డ మరుగైంది: 'శివ' (1989) చిత్రము, దాని వారసత్వముపై ఆదికాండము 4వ అధ్యాయపు వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

వేదాంత పత్రికలో నేరకథా చిత్రమును గూర్చిన విమర్శకు చోటెందుకని కొందరు పాఠకులు అడుగవచ్చును. మేము వేదాంత కళాశాలలో చదివిన రోజులలో సినిమాను గూర్చి మాకు అందిన బోధ ఒక్కటే: చూడవద్దు. చూచినవారు ఆ సంగతి బయటికి చెప్పవద్దు అనునది ఎవరూ చెప్పకనే మాకు తెలిసిన రెండవ బోధ. ఈ రెండింటి మధ్య కాపరులు సినిమాను గూర్చి ఆలోచించుట మానుకున్నారు. సంఘములోని యౌవనస్థులు మాత్రము చూచుట మానుకోలేదు.

మేము పరిచర్య చేయుచున్న నారాయణఖేడ్ ప్రాంతము కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్నది. ఇక్కడి తండాల నుండి, పల్లెల నుండి అనేక కుటుంబములు చెరకు నరుకుటకు ప్రతి సంవత్సరము వలస పోవును. పిల్లలు అవ్వల దగ్గర మిగులుదురు. వారి చేతిలో ఫోను మిగులును. కోపము వచ్చినప్పుడు ఎట్లు నిలబడవలెనో, ఎట్లు చూడవలెనో, ఎట్లు కొట్టవలెనో వారు ఎక్కడ నేర్చుకొనుచున్నారో కాపరికి తెలియవలెను గదా!

రామ్‌గోపాల్ వర్మ దర్శకత్వములో వచ్చిన 'శివ' చిత్రము 1989 అక్టోబరు 5న విడుదలైనప్పుడు మాకు పంతొమ్మిది సంవత్సరములు. ముప్పది ఆరు సంవత్సరముల తరువాత, 2025 నవంబరు 14న, ఆ చిత్రమును కొత్త హంగులతో మరల థియేటర్లలోనికి తెచ్చారు. ఆ సందర్భమున మేము మా సంఘ యౌవనస్థులు పది, పన్నెండు మందితో ఒక సాయంకాలము పాస్టరు గృహములో ఆ చిత్రమును మొదటి నుండి చివరి వరకు మరల చూశాము. అప్పుడు మాకు తోచిన సంగతి, దానితోపాటు మేము ఒప్పుకొనవలసిన తప్పిదము ఒకటి, ఈ వ్యాసమునకు కారణము.

1. చిత్రము, దాని కాలము

కథ చిన్నదే. శివ (నాగార్జున) అన్నావదినెల ఇంట ఉండి కళాశాలలో చేరిన విద్యార్థి. అక్కడ విద్యార్థి నాయకుడైన జేడీ (చక్రవర్తి) ఆగడములు సాగుచుండును. జేడీ వెనుక భవాని (రఘువరన్) అను రౌడీ నాయకుడు, భవాని వెనుక మాచిరాజు (కోట శ్రీనివాసరావు) అను రాజకీయ నాయకుడు ఉన్నారు. జేడీని కొట్టిన దెబ్బ భవాని వరకు పోవును. అక్కడి నుండి వెనుదిరుగుటకు ఎవరికీ దారి ఉండదు.

వర్మకు ఇది మొదటి చిత్రము. అంతకుముందు ఆయన హైదరాబాదులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చు దుకాణము నడిపారు. విజయవాడలో ఇంజనీరింగు చదివారు. ఆ కాలపు విజయవాడలో కళాశాల రాజకీయములకును వీధి ముఠాలకును మధ్య గోడ పలుచన. 1988 డిసెంబరు 26న నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా అక్కడ హత్యకు గురికాగా, దాని వెంట తీవ్రమైన అల్లర్లు చెలరేగాయి. 'శివ' ఆ ఘటనల కథ కాదు. కాని అది జరిగిన పది నెలలలోపే ఈ చిత్రము చూచిన ప్రేక్షకునికి అందులోని భయము కొత్తది కాదు.

అదే 1989లో వచ్చిన 'అంకుశం'లో దుష్టుని ఎదిరించువాడు పోలీసు అధికారి. 'శివ'లో ఎదిరించువాడు పుస్తకములు పట్టుకొని వచ్చిన కుర్రవాడు. ఈ మార్పు చిన్నది కాదు. ఖడ్గము ధరించిన అధికారిని గూర్చి రోమా 13వ అధ్యాయము మాట్లాడును. చైను పట్టిన విద్యార్థిని గూర్చి మాట్లాడదు.

2. మరల చూచినప్పుడు కనబడినది

ఈ చిత్రము పేరెత్తగానే అందరికిని జ్ఞాపకము వచ్చునది సైకిలు చైను దృశ్యము. జేడీ మనుషులు మీదికి వచ్చినప్పుడు శివ సైకిలు చైనును చేతితో లాగి తెంపును. ఆనాటి థియేటరులో ఆ క్షణమున మేమును లేచి ఈల వేసినవారిలో ఉన్నాము. ఆయుధము బయటినుండి రాలేదు. ప్రతి విద్యార్థి రోజూ తొక్కు సైకిలులోనే ఉన్నది. నాతో ఉన్న సాధారణ వస్తువే నాకు బలమగును అను తలంపు ప్రతి కుర్రవాని మనస్సులో నాటుకున్నది.

కాని ఈసారి చూచినప్పుడు మేము గమనించినది వేరు. ఈ చిత్రములో ఎక్కువ సేపు నిండి ఉన్నది దెబ్బలు కావు. దెబ్బల కొరకు ఎదురుచూచుట. అడుగుల చప్పుడు, మాటలు ఆగిన గది, వెనుక ఎవరో వచ్చుచున్నారను అనుమానము. ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాల్‌రెడ్డి కెమెరా మనిషి వెంట మనిషివలె నడుచును. స్టెడీకామ్ పరికరమును వాడిన తొలి తెలుగు చిత్రములలో ఇది ఒకటి. ఇళయరాజా సంగీతము ఎక్కడ మోగవలెనో ఎంత తెలిసినదో, ఎక్కడ ఆగవలెనో అంతే తెలిసినది. తనికెళ్ళ భరణి రాసిన మాటలు పొట్టివి. రఘువరన్ భవాని కేకలు వేయడు. అంతవరకు మన ప్రతినాయకుడు అట్టహాసముగా నవ్వవలెను, నిప్పులు కక్కవలెను. భవాని మెల్లగా మాట్లాడును. అందుచేతనే భయము కలుగును.

ఈ భయము శివ అన్న ఇంటిలోనికి ఎట్లు వచ్చునో చిత్రము ఓపికగా చూపును. అన్న మెత్తనివాడు. వదినెకు తన బిడ్డను గూర్చి దిగులు. శివ ఆ చిన్నపిల్లను సైకిలుపై ఎక్కించుకొని పోవుచుండగా భవాని మనుషులు తరుముదురు. చైను దృశ్యములో ఏ సైకిలు ఆయుధమును ఇచ్చెనో, ఈ దృశ్యములో అట్టి సైకిలుపైననే ఒక బిడ్డ ప్రాణభయముతో కూర్చుండి ఉన్నది. చివరకు భవాని ఆ బిడ్డను చంపును. శివ భవానిని చంపును. చిత్రము ముగియును.

మాతో కూర్చున్న యౌవనస్థులలో చైను దృశ్యము ఎరుగనివారు ఒక్కరును లేరు. ఫోనులో చిన్న ముక్కగా దానిని ఎన్నోసార్లు చూశారు. కాని ఈ చిత్రములో ఒక చిన్నపిల్ల ఉన్నదని, ఆమె చనిపోవునని వారిలో ఒక్కరికిని తెలియదు. ఆ దృశ్యము వచ్చినప్పుడు గది నిశ్శబ్దమాయెను. ఒక కుర్రవాడు, "ఇది ఉన్నదని ఎవ్వరు చెప్పలేదు అయ్యగారూ" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో ఆలోచించగా ఈ చిత్రపు వారసత్వమంతయు మాకు ఆ ఒక్క వాక్యములో కనబడినది: చైను మిగిలింది, బిడ్డ మరుగైంది.

3. వారసత్వము: రెండు పాయలు

'శివ' ప్రభావము తెలుగు సినిమాకే పరిమితము కాలేదు. 1990లో అదే దర్శకుడు, అదే నాయికానాయకులతో హిందీలో తీయబడినది. ఆ చిత్రమునకు పనిచేసిన సహాయకులలో కృష్ణవంశీ, తేజ, గుణశేఖర్ తరువాత దర్శకులైనారు. శబ్దమును కథ చెప్పుటకు వాడుట, వీధిని వీధిగా చూపుట, ప్రతినాయకుని గొంతు తగ్గించుట మొదలగునవి తరువాతి వారికి వ్యాకరణమైనవి.

ఈ వారసత్వమును మేము రెండు పాయలుగా చూచుచున్నాము. మొదటి పాయ భయమును, మూల్యమును కూడ వెంట తెచ్చుకున్నది. వర్మయే తీసిన 'సత్య' (1998) దీనికి మంచి ఉదాహరణ. 'శివ'లో జేడీగా నటించిన చక్రవర్తియే ఇందులో సత్య. అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లా రచించిన ఈ హిందీ చిత్రములో నేరస్థునికి ఇల్లున్నది, భార్య ఉన్నది, స్నేహమున్నది. అవన్నియు ఒకటొకటిగా కూలును. చివరకు సత్య తాను ప్రేమించిన స్త్రీ వాకిట ప్రాణము విడుచును. ఆ చిత్రము నుండి బయటికి వచ్చినవాడు సత్యవలె జీవించవలెనని అంత సులువుగా కోరుకొనలేడు.

రెండవ పాయ ఆయుధమును మాత్రమే తీసుకున్నది. వర్మ శిష్యులలో ఒకరైన పూరీ జగన్నాథ్ తీసిన 'పోకిరి' (2006) మన కాలపు అతి పెద్ద విజయములలో ఒకటి. అందులో తుపాకి పట్టి డబ్బు కొరకు కాల్చువాడు చివరకు మారువేషములోని పోలీసు అధికారి అని తేలును. అంతవరకు ప్రేక్షకుడు ఆనందించిన ప్రతి హత్యకును చట్టపు ముద్ర పడును. అక్కడను నాయకుని తండ్రి చంపబడును. కాని ఆ మరణము తరువాతి పోరాటమునకు మెట్టు మాత్రమే. మనము ఏడ్చుటకు దర్శకుడు సమయమియ్యడు. మరి కొంత దూరము వచ్చి 2023 నాటి 'యానిమల్' చూచినయెడల, తెలుగువాడైన సందీప్ రెడ్డి వంగా తీసిన ఆ హిందీ చిత్రములో గొడ్డలితో గుంపును నరుకు దృశ్యము పాటతో కలిసి సాగును. పడినవారు ఎవరో, వారి ఇండ్లెక్కడో ఎవరికిని అక్కరలేదు. లెక్క మాత్రమే కావలెను.

సాంకేతికముగా ఈ తరువాతి చిత్రములు 'శివ' కంటె ఎన్నో రెట్లు ముందున్నవి. వాటి నిర్మాతల శ్రమను, ప్రతిభను మేము తక్కువ చేయుట లేదు. మా ప్రశ్న ఒక్కటే: తరము నుండి తరమునకు ఏది అందినది, ఏది జారిపోయినది?

4. కయీను నుండి లెమెకు వరకు

ఈ ప్రశ్నను అడిగిన మొదటి గ్రంథము మన చేతిలోనే ఉన్నది. ఆదికాండము 4వ అధ్యాయమును మనము సాధారణముగా 16వ వచనముతో ఆపుదుము. కయీను హేబెలును చంపెను, నేల నుండి రక్తము మొరపెట్టెను, దేవుడు విచారించెను. కాని అధ్యాయము అక్కడ ఆగలేదు. కయీను వంశములో లెమెకు పుట్టెను. లెమెకు కుమారులలో యూబాలు వాద్యములు వాయించువారికి మూలపురుషుడు. తూబల్కయీను ఇత్తడి, ఇనుప పనిముట్లు చేయువాడు (4:21, 22). సంగీతమును ఇనుమును ఒకే ఇంట పుట్టుట గమనింపదగినది. లేఖనము ఈ రెంటిలో దేనిని శపింపలేదు. అవి వరములే. కాని వెంటనే, ఆ ఇంటి యజమాని తన భార్యలైన ఆదాను సిల్లాను పిలిచి ఒక పాట వినిపించును (4:23, 24).

ఆ పాటను హెబ్రీ కవిత్వపు సమాంతర పంక్తులలో గ్రంథకర్త భద్రపరిచాడు. అందులో లెమెకు తనను గాయపరచినవానిని, తనను కొట్టిన చిన్నవానిని చంపితినని చెప్పుకొనును. ఇక్కడ చిన్నవాడని మనము చదువు హెబ్రీ పదము 'యెలెద్'. సాధారణముగా పిల్లవానికి వాడు మాట అది. అనగా లెమెకు గొప్ప పాటలో చనిపోయినవాడు ఒక బిడ్డ కావచ్చును. పాట ఎంత బిగువుగా ఉన్నదంటే, ఆ బిడ్డ మనకు కనబడడు.

ఇంకొక సంగతి. కయీనును చంపువానికి ఏడంతలు ప్రతిదండన కలుగునని దేవుడు 15వ వచనములో చెప్పుట కయీనును మెచ్చుకొనుటకు కాదు. రక్తపాతము అక్కడితో ఆగుటకు. లెమెకు ఆ మాటను ఉదహరించును. సంఖ్యను ఉంచుకొనును, పెంచును. ఉద్దేశమును పారవేయును. ఆపుటకు చెప్పిన మాట, కొనసాగించుటకు గొప్పయైనది. తరువాతివాడు ముందువానిని అనుసరించుటలో జరుగు ప్రమాదము ఇదే. కయీను కథలో రక్తమునకు స్వరమున్నది. లెమెకు పాటలో చంపినవానికి మాత్రమే స్వరమున్నది.

'శివ' నుండి నేటి చిత్రముల వరకు జరిగినది ఈ ప్రయాణమేనని మా అభిప్రాయము. ముందటి చిత్రములోని దెబ్బ తరువాతి చిత్రములో ఉదహరింపబడినది. దాని సంఖ్య పెరిగినది. దాని కారణము, దాని ఖరీదు రాలిపోయినవి.

5. 'శివ'ను కూడ విడిచిపెట్టరాదు

అయితే మూలము నిర్దోషి, అనుసరించినవారే దోషులు అనుట న్యాయము కాదు. 'శివ'లోనే లెమెకు విత్తనమున్నది. ఆ బిడ్డ మరణము తరువాత చిత్రములో సంతాపమునకు చోటు లేదు. తల్లి ఆ తరువాతి రోజు ఎట్లు లేచెనో, అన్న తమ్ముని ముఖమును ఎట్లు చూచెనో దర్శకుడు చూపలేదు. బిడ్డ చనిపోయినది గనుక భవానిని చంపుట సమంజసమను లెక్క కుదిరినది. కుదిరిన వెంటనే తెర పడినది. ఆశ (అమల)ను పెండ్లాడినవాడు ఇక ఏ ఇంటికి తిరిగి పోవును? ఈ ప్రశ్నను చిత్రము మనకు విడువలేదు. తెర ఇంకొక్క అయిదు నిమిషములు తెరచి ఉంచినయెడల తరువాతి ముప్పది ఏండ్ల వారసత్వము కొంత వేరుగా ఉండెడిదేమో.

6. మా తప్పిదము

ఇక మా సంగతి. 2000 తరువాతి దశకములో ఒక యౌవనస్థుల కూటములో మేము 1 సమూయేలు 17వ అధ్యాయముపై ప్రసంగించుచు దావీదు వడిసెలను శివ సైకిలు చైనుతో పోల్చాము. చేతిలో ఉన్న దానినే దేవుడు వాడునని చెప్పుట మా ఉద్దేశము. అంతకుముందెన్నడును రాని చప్పట్లు ఆ దినమున వచ్చాయి. మేము సంతోషించాము.

కొన్ని నెలల తరువాత క్రికెట్ ఆటలో తగవు వచ్చి, ఆ కూటములో ఉన్న కుర్రవాడొకడు మరియొకనిని సైకిలు చైనుతో కొట్టాడు. కనుబొమ్మ పైన కుట్లు పడ్డాయి. దేవుని కృపచేత కన్ను దక్కినది. మా ప్రసంగమే కారణమని మేము చెప్పలేము. ఆ కుర్రవాడు మా సహాయము లేకుండగనే చాలా సినిమాలు చూశాడు. కాని దెబ్బ తిన్నవాని తల్లి మా గుమ్మము ముందు నిలిచి అన్న మాట నేటికిని మాతో ఉన్నది: "అయ్యగారూ, కొట్టినోని ముచ్చట చెప్పిన్రు. దెబ్బ తిన్నోని ఇంట్ల ఏమైతదో చెప్పకపోతిరి."

ఆమె మమ్మును తిట్టలేదు. ఆమె మా ప్రసంగమును విమర్శించినది. ఆ విమర్శ సరియైనది. మేము చిత్రములోని చైనును తీసుకొని బిడ్డను విడిచాము. దర్శకులను గూర్చి పైన మేము రాసినదంతయు ముందుగా మాకు వర్తించును. అంతేకాదు, దావీదును కూడ మేము సగమే చెప్పాము. గొల్యాతును కొట్టినవాడు తరువాత ఊరియా ఇంటికి ఏమి చేసెనో, రక్తము విస్తారముగా ఒలికించినందున మందిరము కట్టరాదని దేవుడు అతనితో చెప్పినట్లు 1 దినవృత్తాంతములు 22:8లో ఎందుకున్నదో ఆ కుర్రవాండ్రకు చెప్పలేదు.

7. కాపరులకు, విద్యార్థులకు

దీనికి మందు సినిమాను నిషేధించుట కాదు. అగస్టీను తన 'ఒప్పుకోలు' ఆరవ పుస్తకములో తన స్నేహితుడైన అలీపియసును గూర్చి రాశాడు. స్నేహితుల బలవంతముచేత ఖడ్గమల్లుల పోరాటమునకు పోయిన అలీపియసు కన్నులు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. జనుల కేక వినబడగానే కన్నులు తెరిచాడు, ఇక మూయలేకపోయాడు. కన్నులు మూసుకొనుమను బోధ ఎంతవరకు నిలుచునో ఆ కథ చెప్పుచున్నది. అలీపియసు తరువాత బిషప్పు అయ్యాడనునది కాపరులకు ధైర్యమిచ్చు సంగతి.

హింసను చూపు ప్రతి చిత్రము హింసను బోధించునని అనుటయు సరికాదు. 'గాడ్ ఫాదర్' (1972)లో మైఖేల్ ఒక బిడ్డ బాప్తిస్మమున జ్ఞానపితగా నిలిచి సాతానును విసర్జించుచున్నానని పలుకుచుండగా, బయట అతని మనుషులు అతని ఆజ్ఞ చొప్పున హత్యలు చేయుచుందురు. దర్శకుడు ఈ రెంటిని పక్కపక్కన ఉంచును. సంస్కారమును గూర్చి, నోటి మాటకు చేతి పనికి ఉన్న ఎడమును గూర్చి అంతకంటె పదునైన ప్రశ్న వేసిన ప్రసంగములు మేము అరుదుగా విన్నాము.

కావున యౌవనస్థులతో కూర్చుండి చూచుట, చూచిన పిమ్మట అడుగుట మేలు. దెబ్బ తిన్నవాని పేరు ఈ చిత్రము మనకు చెప్పినదా? అతని ఇంటికి మనలను తీసుకొనిపోయినదా? చంపుట పాటగా మారిన చోట ఆగి, నీ తమ్ముడెక్కడ అని దేవుడు కయీనును అడిగిన ప్రశ్నను మనము అడిగినయెడల ఆ పాట నిలుచునా? ఈ ప్రశ్నలకు జవాబులు పుస్తకములో ఉండవు. మా పాస్టరు గృహములో ఆ సాయంకాలము చర్చ చిత్రము కంటె ఎక్కువసేపు సాగినది. కొట్టుటను సమర్థించినవారును ఉన్నారు. అట్టివారి మాటను మధ్యలో ఆపకుండుట మేము ఆలస్యముగా నేర్చుకున్న పాఠము.

ముగింపు

లెమెకు పాటకు లేఖనమే ప్రతిపాట ఇచ్చినది. ఎన్నిమారులు క్షమింపవలెనని పేతురు అడిగినప్పుడు యేసుప్రభువు చెప్పిన సంఖ్యకు మత్తయి 18:22లో వాడబడిన గ్రీకు మాటలు, సెప్టువజింట్ అనువాదములో లెమెకు నోట ఉన్న మాటలే. ప్రభువు ఆ పాతమాటనే తీసుకొనెను. లెమెకు సంఖ్యను ఉంచుకొని ఉద్దేశమును పారవేసెను. ప్రభువు సంఖ్యను ఉంచి, ఆపుట అను మొదటి ఉద్దేశమును దానికి తిరిగి ఇచ్చెను. అనుసరించుట ఇట్లును చేయవచ్చును.

ఆదికాండము 4వ అధ్యాయము కూడ లెమెకుతో ముగియలేదు. షేతు పుట్టినప్పుడు హవ్వ హేబెలు పేరెత్తును. పాట విన్న తరువాత, చనిపోయినవాని పేరు ఆ అధ్యాయములో మరల వినబడుట అక్కడనే; పలికినది అతని తల్లి. ఆ తరువాతి వచనములోనే మనుష్యులు యెహోవా నామమున ప్రార్థన చేయ మొదలుపెట్టిరని చదువుదుము. మా గుమ్మము ముందు నిలిచిన తల్లియు ఆ పనినే చేసినది. ఇకమీదట ఏ కూటములోనైనను మేము 'శివ' పేరెత్తినయెడల ముందుగా ఆ బిడ్డను గూర్చి చెప్పెదము. చైను సంగతి తరువాత.